అత్తగారి యాత్రయు, ఆడపడుచు మొగమును



వానకాలమున పప్పులకు పురుగు పట్టకుండ కాపాడుకొను విధమును గూర్చి ఈ నెల వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట చెల్లింపలేకపోవుచున్నాము. మాయింట నొక సంగతి జరిగినది. దానిమీద రెండు నెలలుగ మాలో మాకు వాదము నడచుచున్నది, తెగుట లేదు. అందుచే మీ యెదుట పెట్టుచున్నాము.

వ్లాగరన నెవరో మీలో తెలియనివారుండరు. తాము పోయిన తావును, తినిన తిండిని, త్రోవలో కనబడిన వింతను తమ మాటలతోడనే చలనచిత్రముగ తీసి యూట్యూబులో పెట్టువారు. వినోదవనములు, తీర్థములు, జాతరలు వీరికి ఆటపట్టులు. వీరిని దీవించువారును కలరు, తిట్టువారును కలరు. మాయింట పెద్దలము నలుగురము, అభిప్రాయము లైదు.

ముందు దీవించువారి మాట. మా అత్తగారికి 72వ యేడు. చిన్ననాట అరసవల్లికి, శ్రీకూర్మమునకు కాలినడకను పోయి వచ్చినవారే. ఇప్పుడు మోకాళ్లరిగి, వీధి గడప దాటి మూడేండ్లయినది. మనుచరిత్రమున ప్రవరుని మీరెరుగుదురు. ఇల్లు కదలని గృహస్థు. తీర్థవాసి యెవడు వచ్చినను కూర్చుండబెట్టి, అన్నము పెట్టి, ఏయే దేశములు చూచితివని అడిగి అడిగి పరవశించెడివాడు. మా అత్తగారును ఆ కోవలోనివారే. ప్రవరునికి సిద్ధుడు పాదలేపమిచ్చెను. మా అత్తగారికి మనుమడు సెల్‌ఫోను పట్టుట నేర్పినాడు. ఆ లేపము మంచున కరగిపోయినట్లే ఈ ఫోనులో చార్జింగు అయిపోవుటయు కద్దు. అప్పుడు హిమాలయమున చిక్కుకొన్న ప్రవరుని కన్న నెక్కువగ కలవరపడి మమ్ము కేకవేయుదురు.

ఆమె కిష్టుడైన వ్లాగరొకడు కలడు. మన జిల్లా కుర్రవాడే, మాటలోను మన యాసయే. ఏ గుడికి పోయినను, "అమ్మలూ, ఇక్కడ మెట్లు ఎత్తుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఆ పక్కనుంచి రండి" అని చెప్పును. ఆటో ఎచట దిగవలయునో, చెప్పు లెచట విడువవలయునో, మంచినీళ్లెచట నున్నవో చూపును. తాను పోలేని చోట మోకాళ్ల నొప్పులవారికి దారి చెప్పినందుకే మా అత్తగారు వానికి దాసోహమన్నారు.

దీనిని తక్కువ చేయ మాకు మనసొప్పదు. తెలుగున మొట్టమొదటి యాత్రాగ్రంథమని పేరొందిన కాశీయాత్రచరిత్రమునందు మాత్రమేమున్నది? ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణము విడిచి, కాశి సేవించి, మరుసటి యేట తిరిగి చేరెను. మరలి వచ్చునప్పుడు మన శ్రీకాకుళపు సీమ మీదుగనే పోయెను. మజిలీకిని మజిలీకిని దూరమెంత, నీరు మంచిదా కాదా, అంగళ్లలో నేమి దొరకును అని వ్రాసి స్నేహితునికి పంపుచుండెను. అవియే 1838లో పుస్తకముగ అచ్చుపడెను. ఆయన చేత కలముండెను, ఈ కుర్రవాని చేత కర్రకు తగిలించిన ఫోనున్నది. అంతవరకు భేదము లేదు. భేదమెక్కడ వచ్చునో ముందు చెప్పెదము.

మొన్నటి వేసవి సెలవులలో మావారు, మేము, పిల్లలిద్దరు, మా చిన్న ఆడపడుచు కలిసి విజయనగరము పోయితిమి. ఆమదాలవలసలో రైలెక్కి, దిగి, మూడు లాంతర్ల కడ పైడితల్లి అమ్మవారికి మ్రొక్కి, కోటగోడ నీడన పులిహోర తిని, ఎండ తగ్గిన పిదప కోరుకొండ త్రోవలోని రామనారాయణమునకు చేరితిమి. చూడనివారికొరకు రెండు మాటలు. 2014లో తెరచిన ఈ తావు దాదాపు 15 ఎకరముల నేలపై నున్నది. మింటినుండి చూచినచో ఎక్కుపెట్టిన వింటివలె కనబడునట్లు కట్టిరి. వింటి వంపు వెంట నడచుచు పోవగా రామాయణకథ శిల్పములుగ వరుసదీరి యుండును. ఆంజనేయుని విగ్రహము తలవెనుకకు వాల్చి చూడవలసినంత పెద్దది. గుడి యందుమా, వినోదవనమందుమా? పెద్దలు గుడి యందురు, పిల్లలు పార్కందురు. పొద్దుగ్రుంకి రంగుదీపములు వెలిగినప్పుడు రెండును నిజమేననిపించును. భవభూతి నాటకమున సీతారాములు తమ కథను తామే చిత్రములలో చూచికొని కరగిపోవు ఘట్టము మాకు గుర్తువచ్చి, శిల్పముల నడుమ చాలసేపు నిలిచిపోయితిమి.

ఆ దీపముల వేళనే ఫోనులన్నియు పైకి లేచును. వానిలో కర్రకు తగిలించినదొకటి. దాని యెదుట ఒక సన్నని కుర్రవాడు, ఎదుట మనిషియున్నట్లే చేతులు త్రిప్పుచు మాటలాడుచుండెను. మా పిల్లలు గుర్తుపట్టి, "నానమ్మ వీడియో అబ్బాయి!" అని గంతులు వేసిరి. అతడు నవ్వి చేయి యూపెను. మాకును ముచ్చటయే వేసినది. మేము పిల్లలను తీసికొని మంచినీళ్లకై పోయితిమి. మావారును ఆడపడుచును శిల్పముల కడనే నిలిచిరి. అన్న తన బడిలోని హాస్యపు ముచ్చట యేదో చెప్పగా చెల్లెలు పకపక నవ్వినదట. రెండేండ్లలో ఆమె నోరార నవ్వుట మావారికదియే మొదటిసారి కనబడినదట. ఆ నవ్వు వీడియోలో పడినది.

బడి తెరచిన నాడు మావారి శిష్యుడొకడు చెప్పినాడు: "మాస్టారూ, మీరు యూట్యూబులో పడ్డారండి." వాడు సిగ్గుపడుచు చెప్పుట మావారికి వింతగ తోచి, ఇంటికి వచ్చి చూచిరి. వీడియోకు ముఖపత్రముగ పెట్టిన బొమ్మలో రంగుదీపముల క్రింద నవ్వుచు నిలిచిన యిద్దరు, వారిమీద ఎర్రని బాణము, ప్రక్కన పెద్దయక్షరములతో "సాయంత్రం ఇక్కడ జంటలకు స్వర్గం" అని యున్నది. లోపల వారు కనబడునది మూడు సెకనులు. తక్కిన యిరువది నిముసములును శిల్పములు, మెట్లు, నీళ్లకుళాయి, ఆటో కిరాయి.

మా ఆడపడుచు పుట్టింట నుండుట సరదాకు కాదు. కారణములు ఆమెవి, ఇచట వ్రాయము. ఇరువైపుల పెద్దలు కూర్చుండి మాటలాడుచున్నారని మాత్రము చెప్పుదుము. తరువాతి ఆదివారమున ఆ పెద్దల నడుమ, ఆమె అత్తవారి వైపు నొక పెద్దమనిషి జేబునుండి ఫోను తీసి ఆ బొమ్మ చూపెను. ప్రక్కనున్నవాడు తోడబుట్టిన అన్నయని, ఆ అన్నయే ఎదుట కూర్చుండి యున్నాడని తెలిసిన తరువాత సభలో ఒకరిద్దరు నవ్విరి. ఆయన మాత్రము తగ్గలేదు. "అన్నయితే అన్నే. మీ పిల్ల రాత్రీ పగలూ ఏడుస్తున్నాదన్నారు గదా, ఇదేనా ఏడుపు?" అనెను.

అనగా పుట్టింట నున్న ఆడది నవ్వరాదు. ఈ న్యాయము కెమెరా తెచ్చినది కాదు, లోక మెన్నడో చేసికొన్నది. కాని ఆ న్యాయస్థానమునకు సాక్ష్యము పంపినవాడు మా అత్తగారు దీవించిన కుర్రవాడే. పంపినట్లు వానికి తెలియను కూడ తెలియదు.

ఆ రాత్రి మా అత్తగారు ఫోను ముట్టలేదు. ఆమెకు ఆడవారి రామాయణపు పాటలు చాల వచ్చును. శూర్పణఖ మారువేషమున సీతమ్మ కడకు వచ్చి రావణుని చిత్తరువు వ్రాసిమ్మని పీడించుట, ఆమె వాని మొగ మెన్నడు తలయెత్తి చూడనందున కాలి బొటనవ్రేలు మాత్రము వ్రాసి యిచ్చుట, తక్కిన బొమ్మను శూర్పణఖ పూరించి ప్రాణము పోయించుట, ఆ బొమ్మ సీతమ్మను వదలక వెంటాడి తుదకు అడవులపాలు చేయుట వానిలో నున్నది. వాల్మీకమున ఈ కథ లేదు, మన ముత్తవ్వల నోట నున్నది. బొటనవ్రేలొక్కటియే సీతమ్మది, తక్కినది పరులు పూరించినది. మా అత్తగారు చీకటిలో ఈ పాట కూనిరాగము తీసి, నడుమ ఆపి, "బొమ్మ పడ్డాక వదలదే అమ్మీ" అని కూతుతో అనిరి.

ఇక వాదము వినుడు. మావారు మొదటినుండియు ఉదారులు. ఇంత జరిగినను వారి మాట మారలేదు. పదిమంది తిరుగు చోట నిలిచినవానిని చూడవద్దనుట ఎవరి తరము, తప్పు ఆ పెద్దమనిషి బుద్ధిలోనున్నది గాని ఫోనులో లేదు, ఈ కుర్రవాండ్ర వలన చిన్న యూళ్లకు పేరు వచ్చుచున్నది, ఆటోవానికి కిరాయి, పూలమ్ముకొను ముసలమ్మకు బేరము వచ్చుచున్నవి అని వారి వాదము. అత్తగారు ఒకనాడు వానిని తిట్టుదురు, మరునాడు వాడు క్రొత్త వీడియో పెట్టినాడా యని యడుగుదురు. ఆడపడుచు వాదింపదు. ఆమె అన్నది ఒక్క మాటయే: "నన్ను అడగలేదు." అభిప్రాయము లైదని ముందంటిమి గదా, మిగిలిన రెండును మావే. మేమును అటు నిటు నూగుచుంటిమి.

మావారు సిరిమానోత్సవమును దృష్టాంతముగ చూపుదురు. విజయదశమి వెళ్లిన తరువాతి మంగళవారము నాడు విజయనగరపు వీధులలో ఇసుక వేసిన రాలనంత జనము. ఎత్తైన చింతమాను చివర పూజారి కూర్చుండి, గుడికిని కోటకును నడుమ మూడుమార్లు తిరుగును. జనము అరటిపండ్లు విసరి మ్రొక్కుదురు. ఆనాడు నా మొగము ఎవడు తీసినాడని వెదకుట వెర్రితనమే. ఒప్పుకొందుము. కాని గుంపును తీయుట వేరు, గుంపునుండి ఒక మొగమును ఏరి, దానిమీద బాణము గీసి, పేరు పెట్టుట వేరు.

ఇంకొక భేదము కలదు, అది మాకు తెల్లవారుజామున అంట్లు తోముచుండగ తోచినది. తీర్థమున మనలను వేయి కన్నులు చూచునన్నది నిజమే. ఆ చూచువారిని మనమును చూడగలము. కొంగు సవరించుకొనవచ్చును, మొగము త్రిప్పుకొనవచ్చును, మితిమీరినచో "ఏమి నాయనా, ఏమి కావలయును?" అని గట్టిగ అడుగవచ్చును. చూపునకు బదులుచూపు కలదు. ఫోను వెనుకనున్న కన్నులకు మనము బదులుచూపు చూడలేము. ఎవరు చూచిరో, ఏ రాత్రి చూచిరో, ఏ పెద్దమనిషి జేబులో నున్నదో తెలియదు. వీరాస్వామయ్య త్రోవ పొడుగున ఎందరు స్త్రీలను చూచియుండునో! నదిలో నీళ్లు ముంచుకొనువారు, సత్రములలో వంట చేయువారు. ఆయన నీటిని గూర్చి వ్రాసెను గాని, ఆ నీళ్లు మోసిన మొగములను ఇంటింటికి పంపలేదు.

అట్లని వ్లాగరులను వెలివేయుమను వారితో మేము కలియము. ఈ వినోదవనములకును కెమెరాకును పుట్టుకనుండియు చుట్టరికము. అమెరికాలో డిస్నీలాండును 1955 జూలై 17న తెరచిన వేడుకనే టెలివిజనులో అప్పటికప్పుడు చూపిరి. యూట్యూబున నెక్కిన తొలి వీడియో 2005 ఏప్రిల్ 23 నాటిది. అదియు జంతుప్రదర్శనశాలలో ఒక యువకుడు ఏనుగుల ముందు నిలిచి మాటలాడినదే, అంతయు 19 సెకనులు. హైదరాబాదు చెంతనున్న రామోజీ ఫిల్ము సిటీ సంగతి చెప్పనేల, కెమెరా కొరకే కట్టిన ఊరది. వనముల యజమానులకు ఈ కుర్రవాండ్రు కూలి అడుగని దండోరావాండ్రు, కనుక పిలిచి కుర్చీ వేయుదురు. హద్దు మీరినప్పుడు కళ్లెము వేయుదురు. డిస్నీవారు 2015లో సెల్ఫీ కర్రలను తమ వనములలోనికి రానీయమని చాటిరి. దేవస్థానములును అంతే. కేదారనాథమున 2023లో గుడిలో ఫోనులు, వీడియోలు నిషేధించిరి. తిరుమలలో రీలులు తీయువారిపై చర్య తీసికొందుమని 2025లో దేవస్థానమువారు హెచ్చరించిరి. అయితే ఈ కట్టడులు దేవుని మర్యాదకు, యంత్రముల భద్రతకు పుట్టినవి. ప్రక్కన నిలిచిన ఆడదాని మొగమునకై పుట్టినది వీనిలో లేదు.

ఆ ఎర్రబాణ మెందుకు గీయుదురో కూడ తెలిసికొంటిమి. యూట్యూబు వారి ప్రకటనల రాబడిలో పూర్తి వాటా కావలెనన్న 1,000 మంది సబ్‌స్క్రైబర్లు చేరవలయును, ఒక సంవత్సరములో 4,000 గంటలు జనము చూడవలయును. ఆ మెట్టెక్కిన పిమ్మట వీడియోపై ప్రకటనలకు వచ్చు నూరు రూపాయలలో 55 వానివి. మెట్లు లెక్కించి చెప్పిన మంచిమాటకన్న బాణమునకు గిరాకి యెక్కువ. ఆ బాణమును నొక్కినవారెవరు? చెప్పుటకు సిగ్గగుచున్నది, ఇతరుల బొమ్మలున్నప్పుడు మేమును నొక్కియుంటిమి.

తరువాత మేము చేసినది చెప్పెదము, మీలో నెవరికైన ఇట్టిది తటస్థింపవచ్చును. మొదట తప్పే చేసితిమి. కోపముపట్టలేక ఆ వీడియో క్రిందనే "వీరు అన్నాచెల్లెండ్రు" అని వ్రాసితిమి. అంతవరకు దాటిపోవువారు కూడ ఎవరా యని ఆగి చూడసాగిరి. అంత పట్టింపున్నవారు పార్కునకు వచ్చుట యెందుకని ఒకరు, నిజముగ అన్నయేనా యని ఇంకొకరు, నవ్వు బొమ్మలు పెట్టినవారు కొందరు. మరునాడు మా వ్రాతను మేమే తీసివేసితిమి. పిదప ఆ కుర్రవాడు తన ఛానెలులో ఇచ్చిన ఈమెయిలుకు జాబు వ్రాసితిమి. ఏ వీడియో, ఎన్నవ నిముసమున ఆ మొగములున్నవి, మేము కోరునదేమి, ఇంతే వ్రాసితిమి. తిట్టలేదు. ఆ రాత్రియే ఫోను చేసెను. గొంతు వణకుచుండెను. తెల్లవారులోపల బొమ్మ మార్చెను, లోపలి మూడు సెకనులలో మొగములు మసకపరచెను. వీడియో తీసివేయకయే మొగము మసకపరచు సాధనము యూట్యూబులోనే యున్నదట. జపాను దేశమున దారిన పోవువారి మొగములను ఇట్లు మసకపరచి చూపుట చాలమందికి వాడుకయే.

వాడు వినకయుండిన నేమి దారి? యూట్యూబువారికే ఫిర్యాదు చేయవచ్చును. మొగము గుర్తుపట్టునట్లున్నదని తోచినచో, వారు సాధారణముగ తీసినవానికి 48 గంటల గడువిచ్చి సరిదిద్దుకొమ్మందురు, తరువాత తామే నిర్ణయింతురు. మన సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకమై, ఎవరి ఏకాంతము వారికి ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. మహోపకారము. ఆ తీర్పు తానుగ వచ్చి రంగుదీపముల క్రింద నిలిచిన అమ్మాయి మొగమునకు ముసుగు వేయదు, మనమే జాబు వ్రాసికొనవలయును.

రెండు వారములకు ఆ కుర్రవాడు పలాస జీడిపప్పు పొట్లము చేత బట్టుకొని మాయింటికి వచ్చినాడు. ఇంజనీరింగు చదివి, ఉద్యోగము దొరకక ఈ పని పట్టినాడట. మా అత్తగారు గొంతుతోనే వానిని పోల్చుకొనిరి. మంచముమీదనుండి, "నాయనా, నీ వీడియోలే నాకు కాళ్లురా. ఆ కాళ్లతోనే నా పిల్లను తొక్కేసినావు" అనిరి. వాడు తల వంచుకొని గచ్చువైపు చూచుచుండెను. మావారు కాఫీ తెమ్మనిరి. తెచ్చితిమి.

ఆడపడుచు గదినుండి వెలుపలికి రాలేదు. తలుపు చాటునుండియే, "ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది?" అని అడిగినది. వాడు కొంతసేపు తడబడి, "అడిగితే నవ్వు ఆగిపోద్దండి" అనెను. మాకు మొదట ఒళ్లు మండినది. తరువాత ఆలోచింపగా అది అబద్ధము కాదు. నవ్వుమని చెప్పి తీయించుకొన్న మా పెండ్లి ఫోటోలో ఒక్కరి మొగమునను నవ్వు లేదు. "తీసినాకనైన అడగవచ్చును గద బాబూ" అంటిమి. దానికి వాడు తలయూపెను.

ఇప్పుడు వాని వీడియోలలో దగ్గరగ పడిన పరాయి మొగములు మసకగ నుండుచున్నవి. మా అత్తగారికి అదియు నచ్చుట లేదు. "తీర్థానికి మనుషులొచ్చినారో దయ్యాలొచ్చినాయో తెలియకుండా ఉంది" అని సణుగుదురు. శ్రీముఖలింగము ఎప్పుడు తీయుదువని వానికి మావారిచేత కబురు పంపించిరి.

వాడు మార్చిన బొమ్మ వాని చేతిలోనిది. అంతకు మునుపే ఎవరో దింపుకొన్న నకలు మాత్రము వాట్సాపులలో తిరుగుచునే యున్నది. మొన్న మా మేనత్త కూతురికి కూడ వచ్చినదట. పెద్దల మాటలు దసరా వెళ్లిన తరువాత మరల మొదలగును. ఈ యేడు సిరిమానునకు వత్తువా యని ఆడపడుచు నడిగితిమి, పిల్లలను చూచుకొనుటకు ఎవరైన ఇంట నుండవలయును గదా అన్నది.

నిన్న సాయంకాలము మా అత్తగారు కేకవేసిరి, ఆ కుర్రవాడు క్రొత్త వీడియో పెట్టినాడట, ఫోనులో దొరకుట లేదట. మా చేతులకు పిండి యున్నది. ఆడపడుచే పోయి, ఫోను తీసికొని, వెదకి, తెరచి, తల్లికి కనబడునట్లు దిండుకు చేరవేసి పెట్టినది. బొమ్మ కదలకముందే లేచి వంటయింటిలోనికి వచ్చి, మా ప్రక్కన కూర్చుండి అప్పడాల పిండి అందుకొన్నది.